ఆవులబయలు నుంచి ఫస్ట్ గేర్లో

శనివారం ఉదయం ఐదూ నలభైకి మన్సూరాబాద్‌లో మా ఇంటి ముందు జీపు స్టార్టయింది. ఐదింటికే బయల్దేరాలని ముందురోజు అనుకున్నాం. ఆ నలభై నిమిషాలూ నా వల్లే పోయాయి. గ్యాస్ కట్టేశానో లేదో అని రెండుసార్లు, వెనక తలుపు గడియ కోసం ఒకసారి, ఏ కారణమూ లేకుండా మరోసారి లోపలికి వెళ్లొచ్చాను. నేను భయస్తురాలిని. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు నా మాటల్లోంచి కొంత భయం తీసేసి చదువుకోవచ్చు. మొత్తం మాత్రం తీసేయకండి.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు, ఆఫీసులు తెరవడం లేదు, మా అమ్మాయి నవ్యకు బడి లేక వారాలు గడిచిపోయాయి. మా ఆయన యాదగిరికి ఎల్బీనగర్‌లో డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక షట్టరు, ఒక కారు, వేలంలో కొన్న పాత డీజిల్ జీపు, ఆయన, నేను. ఆయన బండిలో నేర్పిస్తాడు. నేను షట్టర్లో కూర్చుని లెర్నర్ ఫారాలు నింపుతాను, కొత్తగా వచ్చే ఆడవాళ్లకు చెక్క మీద గీసిన బొమ్మ చూపించి గేర్లు చెబుతాను. లైసెన్సు టెస్టులు ఆగిపోవడంతో నేర్చుకునేవాళ్లు కూడా రావడం మానేశారు. ఖాళీగా కూర్చోవడం మా ఆయనకు చేతకాదు. టీవీలో ఎవరో తెల్లదొరలు పిల్లాజెల్లాతో కొండెక్కి గుడారం వేసుకోవడం చూసి, "మన జీపుకు నాలుగు చక్రాలు గుంజుతయ్. పదేండ్లసంది నాదర్‌గుల్ ప్లాట్లల్ల రివర్స్ నేర్పుడే అయితుంది దానితోని" అన్నాడు. నాకు అప్పుడే దడ మొదలైంది.

గుడారం మా వీధి చివర ఉండే పద్మజ గారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు టీచరు, మా దగ్గరే కారు నేర్చుకున్నారు. "తడిస్తే ఆరబెట్టకుండా మడత పెట్టకండమ్మా. అయినా ఈ గొడవల్లో ఇప్పుడు అవసరమా? రోడ్లు మూసేస్తారంటున్నారు కదా" అన్నారామె. ఆ మాట పట్టుకుని ప్రయాణం మాన్పించాలని చూశాను. "మూసేటోళ్లు మనోళ్లే గద" అని ఆయన కొట్టిపారేశాడు. మా జీపు నంబరు ప్లేటు మీద ఏపీ పోయి టీజీ వచ్చి అప్పటికే చాలా రోజులైంది.

ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఇక్కడే చెప్పాలి. డ్రైవింగ్ స్కూలు బండికి రెండు వైపులా పెడల్స్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కుడి సీట్లో ఉంటే, నేర్పేవాడు ఎడమ సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న క్లచ్చు, బ్రేకుతో బండిని ఆపగలడు. మేం ఎటైనా వెళ్లేటప్పుడు మా ఆయన కుడి వైపుకు మారతాడు, ఆ ఎడమ సీటు నాదవుతుంది. అక్కడ నాకు ఒకటే ఆజ్ఞ: కాళ్లు కింద పెట్టకూడదు. ఎంత దూరమైనా సీటు మీద బాసింపట్టు వేసుకునే వెళ్తాను. వెనక అత్తమ్మ, నవ్య, వాళ్ల చుట్టూ బియ్యం, గిన్నెలు, నీళ్ల డబ్బాలు, గుడారం.

ఆరింటికి ఎల్బీనగర్ చౌరస్తా దాటాం. మామూలుగా అయితే ఆ వేళకు విజయవాడ బస్సుల వెనక ఇరుక్కుని పావుగంట నిలబడాలి. ఆ రోజు రోడ్డంతా మాదే. అది చూసి నాకు సంతోషం కలగలేదు. సాగర్ రోడ్డులో ఒక బంకులో ట్యాంకు నింపించాం. తిరుగు ప్రయాణానికి డీజిల్ దొరుకుతుందన్న నమ్మకం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. మీరు ఎప్పుడు వెళ్లినా ట్యాంకు నింపుకునే వెళ్లండి.

ఏడూ నలభైకి మాల్ అనే ఊళ్లో ఆగి ఇడ్లీ తిన్నాం. హోటలాయన చట్నీ వేస్తూ, "రేపు గా దేవరకొండ దిక్కు చౌరస్తాలల్ల వంటావార్పు ఉన్నది. ఎనుకకొచ్చేటప్పుడు జర చూస్కోండ్రి" అన్నాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని అక్కడే తిని బండ్లను ఆపేసే నిరసన అది. నా చేతిలో ఇడ్లీ చల్లారిపోయింది. అత్తమ్మ మాత్రం తాపీగా, "మంచిగనే ఉన్నది. మనం గుట్ట మీద వండుకుంటం, ఆల్లు రోడ్డు మీద వండుకుంటరు. ఆకలి అందరిది గద" అంది.

తొమ్మిదీ యాభైకి దేవరకొండ. అక్కడ ఉల్లిగడ్డలు, అగ్గిపెట్టెలు కొనుక్కుని చందంపేట వైపు తిరిగాం. పదకొండున్నరకు తారు రోడ్డు ఒక తండా దగ్గర అయిపోయింది. పైన ఉన్న పచ్చిక మైదానాన్ని ఆ చుట్టుపక్కల ఆవులబయలు అంటారు. వానాకాలం పశువులన్నీ అక్కడే మేస్తాయట. నీటిగుంట ఎండుతోందని ముందువారమే దించేశారు. ఆ మాట చెప్పింది లచ్చు అనే ముసలాయన. "జీపు పోతది. ఎదురుబొంగుల లారీలు పోయిన బాట. ఏడు కిలోమీటర్లు. రెండో మూల కాడ జర భద్రం బిడ్డా, బాట జారింది" అన్నాడు. "పైన ఎవలన్న ఉంటరా పెద్దయ్యా?" అని అడిగాను. "ఎవలుంటరు? గాలి ఉంటది" అన్నాడు. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తండా దాటగానే ఆయన దిగి, ముందు చక్రాలకు కూడా బలం అందేలా మార్చి, చిన్న గేరు లివరు వేశాడు. బాట అంటే రెండు టైర్ల గాళ్లు, మధ్యలో రాళ్లు. మొదటి మూల బాగానే ఎక్కాం. రెండో మూల దగ్గర కుడి వైపు బండ, ఎడమ వైపు, అంటే నా వైపు, ఏమీ లేదు. కిందెక్కడో చెట్ల కొసలు కనిపించాయి. నా కాలు ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. బ్రేకు మీద బలంగా పడింది. ఇంజను ఆగిపోయి, జీపు మూరెడు వెనక్కి జారింది. "కాలు! సరోజా, కాలు తియ్యి!" అని ఆయన అరిచిన అరుపు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. హ్యాండ్‌బ్రేకు గుంజి, మళ్లీ స్టార్టు చేసి ఎక్కించాడు. తప్పు నాదే. ఆయన రోజూ కొత్తవాళ్ల తప్పుల నుంచి బండిని కాపాడే సీట్లో కూర్చుని, ఆయన చేస్తున్న సరైన పనిని నేను చెడగొట్టాను.

ఒంటిగంటా పదికి ఆవులబయలు చేరాం. ఇంత భయంలోనూ ఒప్పుకోవాలి, అది చూడదగ్గ చోటే. మోకాలెత్తు గడ్డి, గాలికి ఒకేసారి ఒక పక్కకు వాలుతుంది. అంచుల్లో తంగేడు పసుపు. ఒక మూల చిన్న నీటిగుంట, నడిమధ్య ఒకే ఒక పెద్ద మద్దిచెట్టు. దూరంగా కృష్ణ నీళ్లు మెరుస్తున్నాయి. నవ్య చెప్పులు వదిలేసి పరుగెత్తింది. పాములుంటాయని నేను వెంట పరుగెత్తాను. అత్తమ్మ ఒక బండ మీద కూర్చుని ఆకులో సున్నం రాసుకుంటూ, "ఇంత జాగ ఉండి ఒక్క మనిషి లేడు సూడు" అంది. సాయంత్రం గుడారం లేపడానికి గంట పట్టింది. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాం. సెల్‌ఫోన్‌కు సిగ్నలు లేదు. రాత్రి వాళ్లు ముగ్గురూ నిద్రపోయారు, నేను పోలేదు.

ఆదివారం ఉదయం ఏడుంబావుకు సన్నగా చినుకులు మొదలయ్యాయి. మా ఆయన మూడు రాళ్ల పొయ్యి మీద ఉప్మాకు నీళ్లు పెట్టాడు. "మంట ఆరిపోతది, పొయ్యి చెట్టు కిందికి మార్చు" అన్నాను. అన్నది నేనే. ఎవరూ నన్నేమీ అనలేదు కాబట్టి నేనే చెప్పుకోవాలి. ఆయన రాళ్లు, కట్టెలు మద్దిచెట్టు కిందికి తెచ్చాడు. తడిసిన కట్టెలు మండకుండా తెల్లటి పొగ లేపాయి. తలెత్తి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. పైకొమ్మకు తేనెపెర ఉంది.

ముందు ఒక హోరు వినిపించింది. ఆయన నాకంటే ముందు అర్థం చేసుకున్నాడు. నవ్యను, అత్తమ్మను జీపులోకి తోశాడు, నన్ను జబ్బ పట్టి విసిరినట్టు ఎక్కించాడు, గుడారం మీది పట్టా లాగి మా ముగ్గురి మీదా కప్పి, రెండు చేతులతో దాని అంచులు నొక్కి పట్టుకుని బయటే నిలబడ్డాడు. పట్టా లోపల చీకటి. బయట ఆయన మూలుగు. "లోపలికి రాయ్యా!" అని అరుస్తున్నాను. "కదలకుండ్రి" అన్నది ఒక్కటే ఆయన మాట. ఎంతసేపో చెప్పలేను. పొగ తగ్గాక, వాన పెరిగాక అవి వెళ్లిపోయాయి.

పట్టా తీసి చూస్తే ఆయన ముఖం ఆయనది కాదు. మెడ, చెవులు, పెదాలు, అన్నీ ఉబ్బుతున్నాయి. అత్తమ్మ గోటితో ముళ్లు గీకి తీసి, తన ఆకుల సంచిలోని సున్నమంతా కొడుకు ముఖానికి పూసింది. పావుగంటలో రెండు కళ్లూ మూసుకుపోయాయి. రెండుసార్లు కక్కాడు. "ఊపిరి జర బిగవట్టినట్టున్నది" అన్నాడు మెల్లగా. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నలుగురిలో బండి నడపగలిగేది ఆయనొక్కడే. ఆయనకేమో కళ్లు లేవు. తండా ఏడు కిలోమీటర్ల కింద ఉంది.

"నువ్వు నడుపు బిడ్డా" అంది అత్తమ్మ.

"నాకేడొస్తది అత్తమ్మా?"

"పెండ్లయినకాడ్నుంచి ఆ సీట్ల కూసుంటున్నవ్. సూసి సూసి సుత రాదా?"

నిజం చెప్పాలంటే నాకు కొంచెం వచ్చు. చాలా ఏళ్ల కింద నాదర్‌గుల్ ప్లాట్లలో ఆయన నాకు నాలుగు రోజులు నేర్పాడు. నాలుగో రోజు నా మీద కేకలేస్తే, దిగి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఇద్దరం ఆ మాటెత్తలేదు. ఏ గేరు ఎప్పుడు వేయాలో రోజుకు పదిమందికి చెక్క మీద చెప్పేదాన్ని. అది నాకు వచ్చినట్టు లెక్కకాదని మా ఆయన నమ్మకం. ఇన్నాళ్లూ నాదీ అదే నమ్మకం.

ఎనిమిదీ ఐదుకు బయల్దేరాం. గుడారం తడిగానే చుట్టి పడేశాం. నేను కుడి సీట్లో, ఆయన తన అలవాటైన ఎడమ సీట్లో, సున్నం పూసిన ముఖంతో, కళ్లు మూసుకుని. "చిన్న లివర్ ఎయ్యి. ఫస్ట్ ల పెట్టు. దిగుడుల క్లచ్ ముట్టకు, ఇంజన్ పట్టుకుంటది బండిని" అన్నాడు. జీపు కదిలింది.

వాలు మొదలైంది. ఫస్ట్ గేర్లో దిగుతుంటే ఇంజను గట్టిగా అరుస్తుంది, అరవాలి. కానీ కొత్తవాళ్ల చేతిలో ఇంజను అరిస్తే క్లచ్చు, బ్రేకు కలిపి తొక్కేయడం ఆయన కాళ్లకు పదేళ్ల అలవాటు. కళ్లు కనిపించని మనిషికి ఆ అరుపొక్కటే వినిపించింది. తొక్కేశాడు. చక్రాలు బిగుసుకుని జీపు తడిరాళ్ల మీద పక్కకు జారింది. "కాళ్లు తియ్యి! పైన పెట్టుకో!" అని అరిచాను. నేను ఆయన మీద అలా అరవడం అదే మొదటిసారి. కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకున్నాడు. జీపు మళ్లీ గాళ్లలో పడింది.

ఆ తర్వాత ఆయన మాట తగ్గుతూ వచ్చింది. ముందు చూస్తూ నడపాలి, పక్కకు తిరిగి మనిషిని చూసే ధైర్యం లేదు. ఇంజను హోరులో ఊపిరి వినపడదు. మాట వినపడితేనే మనిషి ఉన్నట్టు. అందుకని అడగడం మొదలుపెట్టాను.

"ఏ గేరయ్యా?"

"ఫస్టే."

వంద గజాలు పోయాక మళ్లీ. "ఇప్పుడేం గేరు?"

"ఫస్టే అన్న గద."

నా చేయి గేరు మీదే ఉంది, ఏ గేర్లో ఉన్నామో నాకు తెలుసు. అయినా అడుగుతూనే ఉన్నాను. ఆయన విసుక్కుంటే ప్రాణం లేచొచ్చేది. నవ్య వెనక నుంచి ఆయన భుజం పట్టుకుని కూర్చుంది. అత్తమ్మ తమ ఊరి మైసమ్మకు ఏవేవో మొక్కుకుంటోంది.

నిన్న ఎక్కినప్పటి రెండో మూల ఇప్పుడు ఎదురొచ్చింది. సీటు మారినా లోయ ఈసారీ నా వైపే ఉంది, బండ ఆయన వైపు. "ఏ గేరయ్యా?" అన్నాను. జవాబు లేదు. "ఏమయ్యా, ఏ గేరు?" లేదు. "డాడీ, మమ్మీ అడుగుతుంది" అంది నవ్య, ఆయన భుజం కుదుపుతూ. మూడోసారి అరిచాను. నాలుక మందమైపోయిన మాట మెల్లగా వచ్చింది.

"థర్డ్."

జవాబు రాకపోతే ఒక భయం, వచ్చింది తప్పయితే అంతకు పదింతల భయం. నిద్రలో లేపి అడిగినా గేరు తప్పు చెప్పని మనిషి. అంత వాలులో థర్డ్ వేస్తే నలుగురం కిందనే. మనిషి మన చేతుల్లోంచి జారిపోతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. "సరే, థర్డ్" అని పైకి అన్నాను. ఫస్ట్‌లోనే ఉంచి, బండకు ఆనుకున్నట్టుగా మూల తిప్పాను. ఎడమ వైపు అద్దం బండకు తగిలి విరిగింది. ఆగలేదు.

తొమ్మిదింబావుకు తండా చేరాం. లచ్చు జీపులోకి తొంగి చూసి ఒక్క మాట వృథా చేయలేదు. "మొగోళ్లంత వంటావార్పుకు పోయిన్రు. చౌరస్తా కాడ దవాఖాన ఉంది, సిస్టర్ సుత అక్కన్నే ఉంటది. ఆగకు, పో" అన్నాడు. తారు రోడ్డెక్కాక సెకండు, థర్డు, ఆ తర్వాత ఫోర్తు, అడగకుండానే వేసుకున్నాను. అడగడం మాత్రం మానలేదు. "ఏ గేరయ్యా?" అంటే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" పట్టుకుని పద్దెనిమిది కిలోమీటర్లు నడిపాను.

తొమ్మిదీ యాభైకి చౌరస్తా. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, రాళ్ల వెనక వరసగా పొయ్యిలు, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం ఉడుకుతోంది. జెండా పట్టుకున్న ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. వెనక గిన్నెలు, బియ్యం మూట చూసి, "మీరు సుత వంటకే వచ్చిండ్రా అక్కా? బండి గిట్ల పక్కకు పెట్టుండ్రి" అన్నాడు. అత్తమ్మ దిగి, "నా కొడుకు సచ్చిపోతుండు, రాళ్లు తియ్యుండ్రయ్యా!" అని ఒక్క కేక పెట్టింది. అంతే, పదిమంది రాళ్ల మీద పడ్డారు. ఒకావిడ చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. చీర మీద నల్లబ్యాడ్జీ. ఆమే సిస్టరు.

"సమ్మెల ఉన్నరు గద?" అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

"సమ్మె ఆఫీసుకమ్మా, పానానికి గాదు. దింపుండ్రి" అంది.

నలుగురు ఆయన్ను మోసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టారు. రెండు సూదులు, ఒక సెలైను. "ఇంకో గంటైతే మాట వేరే ఉండేది" అని ఆమె తర్వాత చెప్పింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. బయట నుంచి ఎవరో విస్తరాకులో అన్నం, పప్పు తెచ్చి చేతిలో పెట్టారు. మొగుడు సెలైను మీద ఉంటే ఎలా తిన్నావని అడగకండి. మెతుకు మిగల్చకుండా తిన్నాను. నలభై నిమిషాల తర్వాత ఆయన పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"బండి దొర్లకుండ గేర్ల పెట్టినవా?"

అప్పుడు ఏడ్చాను. బయటికి వెళ్లి చూసొచ్చి, "పెట్టిన" అని చెప్పాను.

ఒక రోజు చూడాలని దేవరకొండ ఆసుపత్రికి రాశారు. వంటావార్పు వాళ్లే ముందు రెండు మోటారు సైకిళ్లు పెట్టి, దారిలో ఎక్కడ రాళ్లుంటే అక్కడ తీయిస్తూ మమ్మల్ని పంపించారు. సోమవారం ఉదయం పదింటికి ఇంటికి వెళ్లమన్నారు. రెండు రోజులు బండి ముట్టొద్దన్నారు కాబట్టి మళ్లీ నేనే కుడి సీట్లో. ఆయనకు ఒక కన్ను సగం తెరుచుకుంది.

మాల్‌లో టీకి ఆగాం. హోటలాయన ముఖం చూసి ఏమైందని అడిగాడు. అంతే, మా ఆయన మొదలుపెట్టాడు. "రెండు కండ్లు మూస్కపోయినయ్. అయినా గుట్ట దింపిన. ఏ మూలకు ఏ గేరో చెవులతోనే విని చెప్పిన. ఈమెకు పాపం ఒక్కటి తెల్వదు, అడుగడుగుకు నన్నే అడిగింది." హోటలాయన నోరు తెరిచి విన్నాడు. నవ్య నా వైపు చూసింది. నేను టీ తాగాను.

మధ్యాహ్నం ఒకటిన్నరకు ఎల్బీనగర్ చౌరస్తా దాటాం. సమ్మె వల్ల ఖాళీగా ఉండబట్టి బతికిపోయాను. పద్మజ గారికి గుడారం ఆరబెట్టే ఇచ్చాను. మీరు ఆవులబయలు వెళ్తే వెళ్లండి, మంచి చోటు. చెట్టు కింద పొయ్యి పెట్టకండి, ముందు తలెత్తి చూడండి. బండి నడపడం వచ్చినవాళ్లు కనీసం ఇద్దరుండాలి, ఆ రెండో మనిషికి వచ్చో రాదో ఇంటి దగ్గరే తేల్చుకోండి.

ఆ కథ ఆయన ఇప్పటికీ స్కూలుకు వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాడు. నేను పక్కనే ఫారాలు నింపుతూ వింటాను. గుట్ట మీద ఒక గేరు తప్పు చెప్పాడని నేను అనలేదు. ఆయనకు గుర్తు కూడా లేదు. ఇది చదివితే తెలుస్తుంది, తెలిసినా ఒప్పుకోడు. నేనే దింపానని చెప్పుకోనీ. రోజూ చెప్పుకోనీ. చెప్పుకోడానికి మనిషి నా కళ్లెదుట ఉన్నాడు.